మూడుసార్లు తట్టిండు

పోయినవారం మిమ్మల్ని దవాఖాన వార్డుల ఇడిసిపెట్టి పోయిన. అప్పుడు లేనోళ్ల కోసం ఒక్కపాలి చెప్త, మల్ల అడగొద్దు. సామ్యూల్ పహిల్వాన్ నా తమ్ముడు. నేను సత్తవ్వను, కరీంనగర్‌ల ఒక దవాఖానల ఆయాను. మా బాపు ఆశీర్వాదం ఇంకొకరి పొలంల జీతముండి సచ్చిపోయిండు, అవ్వ అంతకు ముందే పోయింది. వానికి పన్నెండేండ్లున్నప్పటి సంది నేనే వండిపెట్టిన, నేనే తిట్టిన, నేనే పెంచిన. పెండ్లి చేసుకోలేదేందని నన్ను అడిగేటోళ్లకు వాణ్ని చూపిస్త.

అరవైతొమ్మిదిల వేములవాడ తొవ్వల ఒక జాతరల వాడు కొబ్బరికాయ కుస్తీ గెలిచిండు. మా దిక్కు కుస్తీలు కొబ్బరికాయతోని షురూ అయి, పొద్దు గూకేటాలకు వెండి కడెం కుస్తీ కాడికి వస్తయి. మూడేండ్లల్ల వాడు కడెం కాడికి వచ్చిండు. పేరొచ్చింది గని కూడు రాలె. తర్వాత బొగ్గుబాయిల బాక్సింగ్ టీముల చేరి నాలుగేండ్లు మొకం మీద గుద్దులు తిన్నడు. కుడికన్ను మసకైనంక ఇంటికి వచ్చి, గోడకు మొకం పెట్టి నెలరోజులు పండుకున్నడు. అప్పుడు దొరికిండు దామోదర్‌రావు దొర. పత్తి వ్యాపారం ఆయినెది, ఆటల కమిటీల పెద్దమనిషి. ఖాళీ గోదాంల పరుపులేయించి జూడో తాలీం పెట్టిండు. ఢిల్లీల ఎంపికైతే సర్కారు నౌకరి వస్తదని మా వానికి ఆశ పెట్టిండు. అబద్ధం గాదు, నిజంగనే వస్తది. అదే మా ఖర్మ.

వాని బరువుల ఆఖరికి ఇద్దరే మిగిలిండ్రు. మా వాడు, ఆదిలాబాద్ నుంచి వచ్చిన విఠల్. మూడాటలల్ల రెండు గెలిచినోడు ఢిల్లీ పోతడు. ఒక ఆదివారం మొదటి ఆటల మా వాడు విఠల్‌ను పండబెట్టి కుడిచెయ్యి మెలేసిండు. జూడోల ఒక పద్ధతున్నది. ఓర్వలేకపోతే అవతలి మనిషిని గని, కింద పరుపును గని చేతితోని తట్టాలె. తట్టంగనే ఇడిసిపెట్టాలె. విఠల్ మూడుసార్లు తట్టిండు. మా వాడు ఇడవలే. పంచాయితీ చెప్పేటాయినె అవతలి దిక్కు ఉండె, ఆయినె తిరిగి వచ్చేలోపట మోచేయి ఇరిగింది. ఆ పిలగాణ్ని ఎత్తుకొచ్చి మా దవాఖానల, నేను పనిచేసే వార్డులనే పండబెట్టిండ్రు. నా తమ్ముడు ఇరగ్గొట్టిన చెయ్యిని కట్టు కట్టేటప్పుడు నేనే పట్టుకున్న. ఆడ ఆపిన. ఇప్పుడు వినుండ్రి.

బుధారం పొద్దుగాల డాక్టరమ్మ విఠల్ మంచం కాడ నిలబడి, బొక్క అతుకుతది గని నరం పోయిందని చెప్పింది. మూడు వేళ్లు మూసుకోవు, బరువు పట్టరాదు. ఇరవయ్యేండ్ల పిలగాడు. వాని తల్లి అనసూర్య ఆదిలాబాద్‌ల జిన్నింగు మిల్లుల పత్తి ఎత్తి పోస్తది. ఆమెకు డాక్టరమ్మ మాట సగమే సమజైంది. నా దిక్కు తిరిగి, ఏమన్నది చెల్లె అని అడిగింది. ఎట్ల చెప్పాలె? చెయ్యి నిదానంగ వస్తదన్నది అని చెప్పిన. అగో, ఆడ షురూ అయినయి నా అబద్ధాలు.

నేను సామ్యూల్ అక్కనని వాళ్లకు సోమవారం నాడే చెప్పిన. దాచి ఏం జేస్త? అనసూర్య నన్ను శానసేపు చూసింది. తిడుతదనుకున్న, తిడితే బాగుండు అనుకున్న. ఆమె తట్ట నా చేతికిచ్చి, పిలగాడు కక్కుకుంటుండు, జర పట్టుకో అన్నది. అంతే. ఆ దినం సంది మా ఇంట్ల జొన్న గట్క వండుకపోయి ఇద్దరికి పెడుతున్న. నా చేతి కూడు ఒద్దని ఒక్కపూట గూడ అనలే.

దామోదర్‌రావు దొర మంగళారం మాపు కబురు పంపిండు. బేస్తారం కమిటీ కూసుంటదట. తట్టినంక గూడ కావాల్నని ఇరగ్గొట్టిండని తేలితే, సామ్యూల్‌ను పుట్టుక్కున తీసేస్తరు, ఇంక ఏ ఆట ఆడనియ్యరు. తెల్వక చేసిండని విఠల్ రాసి సంతకం పెడితే మాత్రం మాఫ్. శుక్రవారం కాజీపేటల బండి ఎక్కి ఢిల్లీ పోవచ్చు. నువ్వు అడిగితే ఇస్తడు సత్తవ్వా, నువ్వంటే ఆ తల్లికి ఇజ్జతున్నది అని చెప్పి పంపిండు. రాసిన కాయిదం గూడ పంపిండు, సంతకమే తరువాయి.

నాకు సిగ్గయింది, కాదనను. కని నా తమ్ముడు ఆదివారం రాంగనే గడపల కూలబడి ఏడ్చిండు. నాలుగు నెలలే ఆయె నేను నేర్వవట్టి, తట్టుడు గిట్టుడు నాకేం తెలుసే అక్కా అన్నడు. నేను నమ్మిన. ఎందుకు నమ్మ? కుస్తీల తట్టుడేడున్నది? ఈపు మట్టికి తాకాలె, తాకేదాంక ఎవడు ఎవన్ని ఇడవడు. పది తాలీంల మట్టి మీద పదేండ్లు పెరిగినోనికి, ఒకడు పక్కబొక్కల మీద తడుతుంటే ఏం సమజైతది? గింజుకుంటుండు అనుకుంటడు. నాకైతే గట్లనే అనిపించింది. అనిపించాలని గూడ ఉండె.

కాయిదం తీసుకపోయి విఠల్‌కు చదివి వినిపించిన. వాడు పైన దూలం దిక్కు చూసుకుంట విన్నడు. మనిషి సన్నగ ఉంటడు, మాట తక్కువ. అనసూర్య మాత్రం నా చేతిలకెళ్లి కాయిదం గుంజుకోబోయింది. నా కొడుకు చెయ్యి పోతే సంతకం గూడ మేమే పెట్టాల్నా, నీకు సిగ్గులేదా బాయి అన్నది. ఆమె అన్నది న్యాయమే. నేను తలకాయ దించుకున్న.

అప్పుడు విఠల్ మాట్లాడిండు. వాళ్ల దిక్కు తల్లిని ఆయి అంటరు. "తెల్వక చేసిండని నువ్వు మా ఆయి ముందల ఒట్టు పెట్టుకో అక్కా. నీ మాట మీద పెడ్త."

ఒట్టు పెట్టుకోవద్దని మా పాస్టరయ్య చిన్నప్పటి సంది చెప్తనే ఉన్నడు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే ఉండాలె నోరు. ముప్పైరెండేండ్లల్ల నేను ఎన్నడు ఒట్టు పెట్టుకోలే. అగో ఆ బుధారం పెట్టుకున్న. ప్రభు సంస్కారం తీసుకున్న ఈ నోటితోని చెప్తున్న, నా తమ్మునికి తెల్వదు, తెలిస్తే ఇడిసిపెడుతుండె అన్న. అనసూర్య నా కండ్లల్లకు చూసింది. శానసేపు చూసి, కాయిదం కిందికి పళ్లెం పెట్టి పట్టుకున్నది. విఠల్ ఎడమచేతితోని సంతకం పెట్టిండు. అక్షరాలు ఒకటి మీద ఒకటి ఎక్కినయి. నాకు ఏడుపొచ్చింది. నా తమ్ముడు బతికిండు అని వచ్చిన ఏడుపది, ఆ పిలగాని కోసం గాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న.

నాలుగింటికి డ్యూటీ దిగి సీద తాలీంకు పోయిన. దామోదర్‌రావు దొర గోదాం ముందల కుర్చీల కూసోని చాయ్ తాగుతుండె. కాయిదం రెండుసార్లు చదివి, మడిచి, లాల్చీ జేబుల పెట్టుకున్నడు. "షాబాష్ సత్తవ్వా. నీ తమ్ముని బతుకు నిలబెట్టినవు" అన్నడు. లోపటికి పోయి చెప్పు, సంబురపడుతడు అని గూడ అన్నడు. నాకు గాల్ల తేలినట్టయింది.

లోపట పరుపుల మీద మా వాడు, మల్లన్న ఉస్తాద్ ఉన్నరు. మల్లన్న కాకకు అరవై దగ్గర పడ్డయి. మట్టి కుస్తీ నేర్పి నేర్పి, హైదరాబాద్ పోయి జూడో గూడ నేర్చుకొని వచ్చిన మనిషి. అడ్డం వస్తనని తలుపు కాడ్నే నిలబడ్డ. మా వాడు కాక మీద పడి చెయ్యి మెలేసిండు, ఆదివారం వేసినట్టే. కాక రెండుసార్లు వాని తొడ మీద తట్టిండు. మా వాని చేతులు అప్పటికప్పుడు ఇచ్చుకున్నయి. లేచిండ్రు, మల్ల పడ్డరు. కాక తట్టిండు, వాడు ఇడిసిండు. మూడోపాలి కాక తట్టనీకి చెయ్యి ఎత్తిండో లేదో, వాడు ఇడిసేసిండు. వాడు అటు చూస్తలేడు గూడ, మొకం గోడ దిక్కున్నది. చేతులకే తెలుసు.

ఆదివారం నాడు గంత లొల్లయినంక నేర్చుకున్నడేమో అని మనసుకు సమజాయించుకున్న. మల్లన్న కాక చెమట తుడుసుకుంట బయటికి వచ్చిండు. తట్టుడు ఎప్పుడు నేర్పినవు కాకా అని మామూలుగ అడిగిన.

"మొదటి దినమే బిడ్డా. పడుడు, తట్టుడు, గవి రెండు నేర్పంది ఎవన్ని పరుపు ఎక్కనియ్య. నాలుగు నెలలాయె, దినాం యాభై మాట్ల తడుత నేను. ఒక్కపాలి ఆలస్యం చెయ్యలే నీ తమ్ముడు. లేకుంటే నా చెయ్యి ఉంటుండెనా?"

కాకకు ఏం తెల్వదు పాపం. ఆదివారం జ్వరంతోని ఇంట్ల పండుకున్నడు, ఆట చూడలే. దొర ఆయినెకు, విఠల్ తట్టనే లేదని చెప్పిండట. నన్ను అడిగిండు, ఎట్లున్నడు ఆ పిలగాడు, తట్టకుంట ఎందుకు మొండికేసిండు అని.

మా వాడు గోదాం ఎనుక నీళ్ల గోలెం కాడ మొకం కడుక్కుంటుండె. పోయి ఎదురుంగ నిలబడ్డ. ఎదిగిన మనిషి, ఇరవయ్యారేండ్లు, నా తలకాయ వాని రొమ్ముకొస్తది. నీకు తట్టుడు తెలుసా అని అడిగిన. వాడు నీళ్లు తుడుసుకొని, సంతకం పెట్టిండా అని అడిగిండు. నేను మల్ల అడిగిన. సంతకం పెట్టిండా లేదా చెప్పు అక్కా అన్నడు. పెట్టిండు అన్న. అప్పుడు తువ్వాల భుజం మీద వేసుకొని జవాబు చెప్పిండు.

"తెలుసు."

"వాడు తట్టింది తెలిసిందా?"

"ఒక్కసారి తట్టంగనే తెలిసింది. వాడు నాకంటే మంచిగ ఆడ్తడే అక్కా. మూడాటలు. మొదటిది నేను గెలిచినా తక్కిన రెండు వాడే గెలుస్తుండె. నాకు ఒక్క కన్నే కనపడ్తది, ఇంకొక ఏడాది ఆగితే ఎవడు పిలువడు. వాని చెయ్యి నా చేతిల ఉన్నది. ఇడిసిపెడితే మల్ల దొరకది."

దొర చెయ్యమన్నడా అని అడిగిన. అవును అంటడేమో అని చూసిన, దేవుని ముందల చెప్తున్న, వాడు అవును అనాలని కోరుకున్న. దొర చెప్పిండంటే సగం పాపం దొర మీద వేద్దును. ఎవరు చెప్పలే, నాకే అనిపించింది అన్నడు. తర్వాత దొర అడిగితే నిజమే చెప్పిండట. దొర నవ్విండట. గంత ధైర్యమున్నోడు కావాలె ఢిల్లీల అన్నడట.

లాగి చెంప మీద కొట్టిన. కొట్టిన చెయ్యే నొచ్చింది, వాడు కదలలే. బాక్సింగుల గుద్దులు తిన్న మొకమది, నా దెబ్బ వానికి ఈగ వాలినట్టు. ఇంకొకటి కొట్టిన, ఇంకొకటి. నేను సంస్కారం తీసుకున్న నోటితోని ఒట్టు పెట్టుకున్నరా అన్న. వాడు నా చెయ్యి మెల్లగ పట్టుకొని కిందికి దించిండు.

"నువ్వు తెల్వక పెట్టుకున్నవు, నీకు పాపం లేదు. ఎల్లుండి బండికి రెండు జతల బట్టలు ఉతికి పెట్టు. నల్ల అంగి మర్చిపోకు."

వీణ్నేనా నేను పెంచింది? జ్వరమొస్తే రాత్రంత ఈ తలకాయనేనా ఒళ్లె పెట్టుకున్నది? అట్లనే దొర కాడికి ఉరికిన. కాయిదం ఇయ్యుండ్రి దొరా, నేను అబద్ధం చెప్పి తెచ్చిన అన్న. ఆయినె నిమ్మళంగ చాయ్ కప్పు కింద పెట్టిండు. నువ్వు దవాఖానల నౌకరి చేస్తవు సత్తవ్వా, రోగి కాడ అబద్ధపు ఒట్టుతోని సంతకం తీసుకున్నవని తెలిస్తే నిన్ను ఉంచుతరా అన్నడు. బెదిరిచ్చినట్టు గూడ లేదు, నా మంచి కోరి చెప్పినట్టే ఉన్నది. నీ తమ్మునికి నౌకరి రాదు, నీది పోతది, ఆ పిలగాని చెయ్యి రాదు, ఎవరికేం ఫాయిదా అన్నడు. లెక్క తప్పులేదు. దొరల లెక్కలు ఎన్నడు తప్పవు.

ఇగ ఒక్కటే తొవ్వ మిగిలింది. దవాఖానకు తిరిగిపోయిన. పొద్దింకా గూకలే, వార్డుల కిటికీలకెళ్లి ఎండ మంచాల మీద పడుతుండె. అనసూర్య నన్ను చూసి నవ్వింది. ఆమె నవ్వుడు నేను గదే మొదలు చూసుడు. పొద్దటి సంది నిలబడే ఉన్నవు, కూసో చెల్లె, చాయ్ తెస్త అని గిలాస పట్టుకొని బయటికి పోయింది. ఆమె పోంగనే విఠల్ మంచం పట్టి కింద కూలబడ్డ.

"విఠల్, నా తమ్మునికి తెలుసు. కావాల్ననే ఇరిచిండు. నేను ఒట్టు తప్పిన. నువ్వు డాక్టరమ్మకు చెప్పు, కమిటీకి చెప్పు, నేను వచ్చి సాక్ష్యం చెప్త."

వాడు దూలం దిక్కే చూస్తుండు. మొకంల ఏ మార్పు లేదు.

"నాకెరుకే అక్కా. మూడోసారి తట్టినప్పుడు నీ తమ్ముడు నా చెవిల నోరు పెట్టి, జర ఓర్చుకో తమ్మీ అన్నడు. తర్వాతనే ఇరిచిండు."

జర ఓర్చుకో తమ్మీ. దవాఖానల సూది వేసేటప్పుడు నేను పిలగాండ్లకు చెప్పే మాట అది. వాడు నా కాడ్నే నేర్చుకున్నడు. మరి ఎరుకుండి సంతకం ఎందుకు పెట్టినవు బిడ్డా అని అడిగిన.

"పెట్టకుంటే ఆయినె ఇంట్ల కూసుంటడు. ఢిల్లీ పోడు."

నాకు సమజ్ కాలె. వాడు మెల్లగ చెప్పిండు, అన్నం ఏం వండినవని అడిగినంత మెల్లగ. వాళ్లన్న మారుతి, దాదా అని పిలుస్తడు, ఎనిమిదేండ్ల సంది మిలిట్రీల ఉన్నడు. విఠల్‌కు జూడో నేర్పింది ఆయినెనే. ఈసారి మిలిట్రీ తరఫున ఢిల్లీకి వస్తుండు, మా వాని బరువులనే. సోమవారం నాడే కంపౌండర్ తోని ఆయినెకు టెలిగ్రాం తార్ కొట్టించిండట. ఏం జరిగిందో, ఎవలు చేసిండ్రో, చెవిల ఏమన్నడో, అన్ని రాయించిండట. మంగళారం తిరుగు తార్ వచ్చిందట, రెండే మాటలు. పంపు వాణ్ని.

"ఆయికి తెలిస్తే ఒద్దంటది. ఒక కొడుకు చెయ్యి పోయింది, ఇంకొకడు జైలుకు పోతడని ఏడుస్తది. అందుకే ఆమె ముందల నీతోని ఒట్టు పెట్టించిన. నీ మాటను నమ్మింది కాబట్టే సంతకం పెట్టనిచ్చింది."

ఇప్పుడు నా దిక్కు తిరిగిండు. ఇరవయ్యేండ్ల కండ్లు గావవి.

"మా దాదాకు గూడ తట్టుడు తెల్వదక్కా. రేపు ఎవరన్న అడిగితే ఒట్టు పెట్టుకోనీకి మా ఆయి ఉన్నది."

అనసూర్య చాయ్ తెచ్చింది. నా చేతికిచ్చి, శక్కర ఎక్కువ వేయించిన చెల్లె, తాగు అన్నది. విఠల్ కండ్లు మూసుకున్నడు. నేను తాగిన. వేడిగున్నదో చల్లగున్నదో ఇప్పటికి యాదికి లేదు, గిలాస మాత్రం ఖాళీ చేసి ఆమెకే ఇచ్చిన.

ఇంటికి వచ్చేసరికి మా వాడు గడపల కూసోని ఉన్నడు. చెంప మీద నా వేళ్ల అచ్చులు ఎర్రగ ఉన్నయి. దవాఖానకు పోయినవా అని అడిగిండు. పోయిన అన్న. వాని మొకంల చిన్న భయం కనపడ్డది, బాపు సచ్చిపోయిన నాడు కనపడ్డ భయమే. నాకు వాని తలకాయ మీద చెయ్యి పెట్టబుద్ధయింది, పెట్టలే. చెప్పాలె గద? ఢిల్లీల ఫలానోడు నీకోసం చూస్తుండు, పోకురా అని ఒక్కమాట. నోటి దాకా వచ్చింది.

"ఏమన్నడే విఠల్?" అని అడిగిండు.

"ఏం అనలే" అన్న. "మంచిగ ఆడి రమ్మన్నడు."

వాడు తలూపి, నెమ్మదిగ ఊపిరి ఇడిసిండు. నేను లోపటికి పోయి, దండెం మీదున్న నల్ల అంగి తీసి, మడతపెట్టి సంచిల వేసిన.